సీటు కింద సీసం

కారు కొనబోయేవాడు రంగు చూస్తాడు, మైలేజీ అడుగుతాడు, తలుపు తీసి వేసి చప్పుడు వింటాడు. బ్యాటరీ ఎక్కడ ఉన్నదని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అడగవలసిన అవసరమూ సాధారణంగా రాదు. చాలా కార్లలో బానెట్టు ఎత్తగానే ఒక మూల నల్లగా, చదరంగా, నెత్తిన రెండు బొడిపెలతో అది కనబడుతూనే ఉంటుంది. ఏ ఊళ్ళోనైనా, ఏ చెట్టు నీడనైనా పావుగంటలో పాతది తీసి కొత్తది పెట్టుకోవచ్చు.

నానో సంగతి వేరు. దాని బానెట్టు ఎత్తితే ఇంజను కనబడదు. స్టెప్నీ చక్రం, పెట్రోలు పోసే మూత, బ్రేకు ఆయిలు డబ్బా కనబడతాయి. ఇంజను వెనుక సీటుకు వెనుకగా ఒదిగి ఉంటుంది. బ్యాటరీ డ్రైవరు సీటు కింద ఉంటుంది. బండి నడిపేవాడు ఏళ్ళ తరబడి దాని మీదనే కూర్చుంటాడు గాని దాని ముఖం చూడడు.

దీనిని లోపమని అనడానికి నాకు మనసొప్పదు. 3.1 మీటర్ల పొడవున్న బండిలో నలుగురు పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకోకుండా కూర్చోవాలంటే తక్కిన సామానంతా ఎక్కడో ఒకచోట సర్దుకోక తప్పదు. మన పాత పెంకుటిళ్ళలో అటక మీద ఇత్తడి సామాను, మంచం కింద కొబ్బరికాయలు సర్దినట్టే ఇదీను. వానలో స్కూటరు మీద తడుస్తూ పోతున్న ఒక కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు ఈ కారు ఆలోచన వచ్చిందని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో ఆయనే దానిని లోకానికి చూపించాడు. బెంగాలులోని సింగూరులో కట్టిన కర్మాగారాన్ని భూముల గొడవ వల్ల ఆ అక్టోబరులోనే వదులుకుని గుజరాతులోని సాణందుకు తరలిపోవలసి వచ్చింది. 2009 మార్చిలో బండి మార్కెట్టులోకి వచ్చింది. 2018తో దాని తయారీ ఆగిపోయింది. లక్ష రూపాయల కారు అన్న పేరే దానికి మొదట ఊపిరి. ఆ పేరే తరువాత ఉరి అయిందని పెద్దలు వ్యాఖ్యానించారు. చవక కారు నడుపుతున్నామని నలుగురికీ తెలియడం ఎవరికీ ఇష్టం లేకపోయిందట.

మా నాన్నగారికి ఆ బాధ ఏ కోశానా లేదు. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ముప్పై మూడేళ్ళు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు వచ్చి స్కూటరు వెనుక కూర్చోవడం కష్టమైనప్పుడు, 2011లో నానో కొన్నారు. ముక్తేశ్వరానికి దగ్గరలోని మా ఊళ్ళో అదే మొదటి నానో. పిల్లలందరూ దానిని "నాన్నో కారు" అనేవారు. ఆ బండిలో ఎక్కనివాళ్ళు మా వీధిలో లేరంటే అతిశయోక్తి కాదు. పురిటి నొప్పులు వచ్చిన కోడళ్ళు, పాము కరిచిన కూలీలు, గుండె పట్టుకున్న పెద్దలు అర్ధరాత్రి వేళ అందులోనే అమలాపురం ఆసుపత్రికి వెళ్ళారు. ఎవరి దగ్గరా పెట్రోలు ఖర్చు తీసుకున్నట్టు నేను వినలేదు.

2023 వానాకాలంలో కంటి డాక్టరు నాన్నగారికి నీటికాసులని తేల్చారు. చూపు నిలబడుతుంది గాని పక్కలు కనబడవని, బండి నడపవద్దని చెప్పారు. ఆయన మారు మాటాడలేదు. ఇంటికి వచ్చి తాళాలు క్యాలెండరు మేకుకు తగిలించారు. ఆ తరువాత బండి మాట ఎత్తలేదు, పాకలోకి తొంగి చూడలేదు. అమ్మ మాత్రం ఫోనులో నాతో, "మీ నాన్న ఆ పక్క గుండా నడవడం కూడా మానేశారురా" అన్నది.

2024 ఉగాదికి నేను రాజమండ్రి నుండి ఊరికి వెళ్ళాను. పచ్చడి తిని, పంచాంగం విని, అరుగు మీద కూర్చున్నాక ఆయనే అన్నారు, "ఒకసారి బండి తీసి చూడు. పాకలో దాని ప్రాణం పోవడం నాకిష్టం లేదు" అని.

తాళం తిప్పితే ముందు మీటరు దీపాలు మిణుకుమన్నాయి. సెల్ఫ్ కొడితే ఎక్కడో గడియారం కొట్టుకున్నట్టు టకటకమన్నది. ఆ తరువాత దీపాలూ పోయాయి.

పూర్వపు బళ్ళయితే నలుగురు తోస్తే, రెండో గేరులో క్లచ్చి వదిలితే స్టార్టయ్యేవి. ఈ కాలపు బళ్ళలో పెట్రోలు ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో చెప్పేది ఒక చిన్న కంప్యూటరు. ఆ కంప్యూటరుకే తిండి లేనప్పుడు ఎంతమంది తోసినా చెమట పట్టడమే మిగులుతుంది. ఊరి మెకానిక్కుకు ఫోను చేశాను. "ఆయ్, దాళ్వా కోతలండీ బాబూ, మిషన్లు చేలల్లో ఆగిపోతున్నాయండి. వారం ఆగాలండి" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. ఏప్రిల్ నెలలో డెల్టాలో కారుకంటె కోత మిషను ముఖ్యం. అందుచేత పని ఇంట్లోనే చేసుకుందామని నిశ్చయించుకున్నాము. మేమంటే నేను, మా తమ్ముడి కూతురు. అమలాపురంలో ఇంజనీరింగు చదువుతున్న పిల్ల, కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్ల.

ముందు సీటు అంచు నుండి చెయ్యి దూర్చి, మల్టీమీటరు తీగలు రెండు బొడిపెలకు ఆనించి చూస్తే 10.4 వోల్టులు చూపించింది. నాన్నగారు అరుగు మీద నుండే పాఠం మొదలుపెట్టారు.

"లోపల ఎన్ని ఘటాలున్నాయమ్మా?"

"ఆరు, తాతయ్యా."

"ఒక్కొక్కటి?"

"రెండు వోల్టుల పైచిలుకు. నిండుగా ఉంటే మొత్తం 12.6 రావాలి. 12కి దిగితే దాదాపు అయిపోయినట్టే."

"మరి పదిన్నరకు దిగితే?"

పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, "అందులో ఒక ఘటం చచ్చిపోయి ఉండాలి" అన్నది. ఆయన ముఖంలో చాలా నెలల తరువాత పాత మాస్టారి సంతోషం చూశాను.

సంచాయక ఘటం అని మా పాఠ్యపుస్తకాలలో ఉండేది. 1859లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను చాపచుట్టలా చుట్టి గంధకామ్లంలో ముంచి తయారుచేశాడు. నూట అరవై ఏళ్ళు దాటినా కారు బ్యాటరీ మూలసూత్రం అదే. ఒక పలక సీసం, ఒక పలక సీసపు డయాక్సైడు, మధ్య పలచని ఆమ్లం. కరెంటు వాడుకుంటున్న కొద్దీ రెండు పలకల మీదా లెడ్ సల్ఫేటు పొర కడుతుంది. బండి నడిచి తిరిగి ఛార్జి ఎక్కితే ఆ పొర కరిగిపోతుంది. నెలల తరబడి అలాగే వదిలేస్తే ఆ పొర గట్టిపడి స్ఫటికాలవుతుంది. అప్పుడిక ఏ ఛార్జరూ దానిని కదిలించలేదు. బండి నిలబడి ఉన్నా గడియారం, కంప్యూటరు వంటివి చుక్క చుక్కగా తాగుతూనే ఉంటాయి. దానికి తోడు మా కోస్తా వేడి. వేడికి లోపలి రసాయన చర్యలన్నీ త్వరపడతాయి. చల్లని దేశాలలో ఎక్కువ కాలం ఉండే బ్యాటరీ మన దగ్గర మూడు నాలుగేళ్ళకే ముసలిదవుతుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక పని. సీటు అలాగే ఉంచి, పక్క నుండి వంగి తీయడానికి ప్రయత్నించే ఓపిక గలవాళ్ళు ఉండవచ్చు. నా నడుముకు ఆ ఓపిక లేదు. సీటునే విప్పేశాము. సీటును వెనక్కి జరిపి ముందు బోల్టులు, ముందుకు జరిపి వెనుక బోల్టులు తీసి, ఇద్దరం చెరొక పక్క పట్టి బయటికి దించి మామిడిచెట్టు కింద పెట్టాము. నాన్నగారు అరుగు దిగి వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా దాని మీద కూర్చున్నారు. పన్నెండేళ్ళ అలవాటుకు ఆయన ఆకారానికి అచ్చు పోసినట్టు సరిపోయిన సీటు అది. అక్కడ నుండే, స్టీరింగు లేని ఆ డ్రైవరు సీటు నుండే, మిగిలిన పనంతా నడిపించారు.

సీటు కింద ఒక కాలమంతా పోగుపడి ఉన్నది. రెండు రూపాయి బిళ్ళలు, పెట్రోలు బంకు చీటీలు, అన్నవరం ప్రసాదం విస్తరాకు ముక్క, ఆయన ఎప్పుడో పోయిందని వెతుక్కున్న ఎర్ర సిరా కలం మూత. వాటి నడుమ నల్లని పెట్టె. ఒక బొడిపె మీద తెల్లగా, ఆకుపచ్చగా పొడి పూత పూసి ఉన్నది.

"ముందు ఏ తీగ విప్పుతారు?" అని చెట్టు కింద నుండి ప్రశ్న.

"మైనస్" అన్నది పిల్ల.

"ఎందుకు?"

ఈ ఎందుకు తెలియకుండా పానా పట్టకూడదు. కారు ఇనుప శరీరమంతా మైనస్ తీగకు కలిసి ఉంటుంది. ముందుగా ప్లస్ విప్పబోతే, పానా ఒక కొస బొడిపె మీద ఉండగా రెండో కొస పక్కనున్న ఇనుముకు తగిలితే చాలు, వందల ఆంపియర్ల కరెంటు ఆ పానాలో నుండి పారుతుంది. పానా ఎర్రగా కాలుతుంది, చెయ్యి కాలుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ దగ్గర ఛార్జి అయినప్పుడు పుట్టిన హైడ్రోజను నిలిచి ఉంటే ఆ రవ్వ చాలు, పెట్టె పేలడానికి. మైనస్ ముందు విప్పేస్తే ఆ దారి తెగిపోతుంది. బిగించేటప్పుడు దీనికి తిరకాసు. ముందు ప్లస్, చివర మైనస్. సీటు కింది ఇరుకులో, చుట్టూ ఇనుమే ఉన్నచోట, ఈ వరుస బానెట్టు కింద కన్నా ఎన్నో రెట్లు ముఖ్యం. తలుపులన్నీ బార్లా తెరిచి, తాళం బయటికి తీసి, చేతి ఉంగరం కూడా జేబులో వేసుకుని మొదలుపెట్టాము.

తీగలు వచ్చాయి. పెట్టెను కదలకుండా పట్టి ఉంచే పట్టీ బోల్టు రాలేదు. అది అవతలి పక్కన, చూపుకు అందనిచోట, తుప్పు పట్టి ఉన్నది. నా చెయ్యి మణికట్టు దాకానే దూరింది. కాసిని కిరసనాయిలు చుక్కలు వేసి అరగంట ఆగాము. ఆ తరువాత పిల్ల గొట్టం పానా పట్టుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి లోపలికి పోనిచ్చింది. చూపు పనిచేయనిచోట కళ్ళు మూసుకుంటేనే వేళ్ళకు బుద్ధి వస్తుందని వాళ్ళ తాతయ్య ఆమెకు చెప్పారట. ఆ మాట ఆయన ఏ అనుభవంతో అన్నారో ఆలోచించడం నాకు ఇష్టం లేకపోయింది. మూడో ప్రయత్నానికి బోల్టు కిర్రుమని కదిలింది.

పది కిలోల బరువును వంగిన నడుముతో, చాచిన చేతులతో ఎత్తడం తమాషా కాదు. ఒళ్ళో పసిపిల్లను ఎత్తినట్టు దగ్గరికి లాక్కుని, ఒరగకుండా బయటికి తెచ్చి ప్లాస్టిక్కు బేసినులో పెట్టాము. గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి పాత పళ్ళ బ్రష్షుతో తీగల కొసలు, అడుగు రేకు కడిగితే ఆ తెల్లని పూత బుసబుస పొంగి పోయింది. పొడిగుడ్డతో తుడిచి ఎండబెట్టాము.

కొత్త బ్యాటరీకి నేను మోటారుసైకిలు మీద అమలాపురం వెళ్ళాను. కొనేటప్పుడు చూడవలసినది సైజు ఒక్కటే కాదు. ప్లస్ బొడిపె ఎడమనా కుడినా అన్నది చూసుకోవాలి. సీటు కింద తీగలు కొలిచినట్టు ఉంటాయి. బొడిపెలు తారుమారైతే తీగ అందదు. దుకాణంలో వరుసగా పేర్చిన పెట్టెలు చూస్తుంటే నా చిన్నతనం గుర్తుకు వచ్చింది. 1987, 88 సంవత్సరాలలో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామాయణం వస్తుంటే కరెంటు పోయేది. అప్పుడు ట్రాక్టరు బ్యాటరీ విప్పి తెచ్చి బ్లాకండ్‌వైట్ టీవీకి తగిలించేవారు. వీధి వీధంతా ఆ పెట్టె ముందు, ఆ పెట్టె వల్లనే, కూర్చునేది. ఆ రోజుల్లో బ్యాటరీ అంటే నెలనెలా మూతలు తీసి డిస్టిల్డ్ వాటరు పోయవలసిన వస్తువు. ఇప్పుడు మూతలే లేనివి వచ్చాయి. గల్లా రామచంద్రనాయుడు గారు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గరి కరకంబాడి నుండి దేశమంతటికీ బ్యాటరీలు పంపే స్థాయికి ఎదగడం కూడా ఈ నలభై ఏళ్ళలోని కథే.

బిగింపు అరగంటలో అయింది. ప్లస్, ఆపైన మైనస్, ఆపైన రెండింటి మీదా పలచగా వాజిలైను. సీటు ఇంకా బయటనే ఉన్నది. కారులో మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల తాళం తిప్పింది. మొదటి తిప్పుకే రెండు సిలిండర్ల ఆ చిన్న ఇంజను, పక్కింట్లో పిండిమర లాగ, తన పాత గొంతుతో అందుకున్నది. మీటరు 14.2 చూపించింది. అంటే ఆల్టర్నేటరు పనిచేస్తున్నది, కొత్త పెట్టెకు తిండి పెడుతున్నది. నాన్నగారు చెట్టు కింద నుండి లేవలేదు. చెవి మాత్రం ఇటు పడేశారు.

పని అయిపోయిందని నేను చేతులు కడుక్కుంటుండగా అసలు విషయం ముందుకు వచ్చింది.

వీధిలో పాత ఇనుము కొనే అతను సైకిలు ఆపాడు. బేసినులోని పెట్టె అతని కంట పడింది. పాతది తెచ్చి ఇస్తే దుకాణంవాడు తగ్గిస్తానన్న మొత్తం కంటె రెండు వందలు ఎక్కువ, చేతిలో రొక్కంగా ఇస్తానన్నాడు. నాన్నగారు అతన్ని నీడలోకి పిలిచి, అమ్మ చేత మజ్జిగ ఇప్పించి, అడిగారు.

"ఇందులో ఆమ్లం ఏం చేస్తావు?"

"పారబోస్తామండి. బరువు సీసానికే కదండీ."

"ఎక్కడ?"

అతను దాపరికమేమీ లేకుండా చేత్తో కాలువ వైపు చూపించాడు. అతని చొక్కా పొట్ట మీద చిన్న చిన్న చిల్లులు, చిమ్మెటలు కొట్టినట్టు. ఆమ్లం చుక్కలు పడిన గుర్తులు.

మా ప్రాంతం తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర నుండి డెల్టాలో కాలువ అంటే చేనుకు నీళ్ళే కాదు, కడవకు నీళ్ళు కూడాను. సముద్రం దగ్గరయ్యే కొద్దీ బావి తవ్వితే ఉప్పునీరు పడుతుంది. ఏటా వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. ఆ లోపల ఊరూరా మంచినీళ్ళ చెరువులు నింపుకోవాలి. మేము ఈ పని చేసినది సరిగ్గా ఆ చెరువు నింపే రోజులలోనే. ఆ పెట్టెలో ఆరు కిలోల దాకా సీసమే ఉంటుంది. ఆమ్లం పారబోసినప్పుడు పారేది ఆమ్లం ఒక్కటే కాదు. దానితో సీసం కూడా పోతుంది. ఆపైన పెట్టె పగలగొట్టి, పెరటి పొయ్యి మీద పలకలు కరిగించేవాళ్ళు ఉంటారు. ఆ పొగ పీల్చేది వాళ్ళ పిల్లలే. సీసానికి ఇంతవరకు ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి వేసిన లెక్కలో ప్రపంచంలో 80 కోట్ల మంది దాకా పిల్లల రక్తంలో సీసం ఆందోళన కలిగించే స్థాయిలో ఉన్నదని, వారిలో 27 కోట్లకు పైగా మన దేశం పిల్లలేనని తేలింది. పాత బ్యాటరీలను అడ్డదిడ్డంగా కరిగించడం అందుకు ముఖ్య కారణాలలో ఒకటని ఆ నివేదిక చెప్పింది.

అదే సంవత్సరం డిసెంబరులో ఏలూరు వీధులలో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోవడం గోదావరి జిల్లాలవాళ్ళెవరూ మరచిపోలేదు. కొద్ది రోజులలో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కొందరి రక్త నమూనాలలో సీసం, నికెలు ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో తేలింది. ఆపైన నిపుణుల నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించాయి. ఆ ఘటనకు బ్యాటరీలు కారణమని నేననడం లేదు. కాని ఆ వారం రోజులూ మా ఇళ్ళలో ప్రతివారూ గ్లాసెడు నీళ్ళు తాగబోయే ముందు వెలుతురుకు ఎత్తి చూసుకున్నారు. కంటికి కనబడని దానికోసం వెతికారు. ఆ చూపు ఒకసారి అలవాటైతే పోదు.

పాత బ్యాటరీని అమ్మినవాడే వెనక్కి తీసుకోవాలని 2001లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధనలు చేసింది. 2022 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనలు తయారీదారు మీదనే ఆ బాధ్యత పెట్టాయి. సక్రమమైన కర్మాగారంలో అయితే అందులోని సీసం దాదాపు అంతా తిరిగి కొత్త బ్యాటరీలోకి వెళుతుంది. ఇంత పూర్తిగా పునర్జన్మ ఎత్తే వస్తువులు మన ఇళ్ళలో తక్కువ. కాని చట్టానికీ, మన వాకిట్లోని బేసినుకూ మధ్య ఒక మోటారుసైకిలు ప్రయాణం ఉంటుంది. దానిని ఎవరో ఒకరు చేయాలి. రెండు వందల రూపాయలు ఎవరో ఒకరు వదులుకోవాలి.

నాన్నగారు అతనితో, "నీకు పిల్లలెందరు?" అన్నారు. ఇద్దరన్నాడు. "ఇది నీకివ్వను. కోపం తెచ్చుకోకు" అని, పాకలో పడి ఉన్న పాత మోటారు పంపు, రాగి తీగ చుట్ట ఇప్పించారు. అతను వెళ్ళాక నాతో, "సాయంత్రం లోపల దుకాణంలో ఇచ్చి రా. నిలువుగా పట్టుకెళ్ళు, ఒరగనివ్వకు. రసీదు తే" అన్నారు. నేను రెండోసారి అమలాపురం వెళ్ళి, ఇచ్చి, రసీదు తెచ్చాను. ఆయన దానిని కారు కాగితాలలో, పొల్యూషను సర్టిఫికెట్టు పక్కన దాచారు.

సీటు అందరికంటె ఆఖరున బండిలోకి వెళ్ళింది. ఆయన దాని మీద నుండి లేచేటప్పుడు కాస్త ఆలస్యమయింది. మేము తొందరపెట్టలేదు. బోల్టులు బిగిస్తున్నప్పుడు అడిగారు, "కొత్తది కూడా పాకలో నిలబెడితే ఎన్నాళ్ళుంటుంది?" జవాబు ఆయనకు తెలియనిది కాదు. పిల్లే చెప్పింది, "వారానికొకసారి అరగంటైనా తిరగాలి తాతయ్యా. నిలబెట్టి స్టార్టు చేసి ఆపేస్తే సెల్ఫ్ తాగినంత కూడా తిరిగి ఎక్కదు."

"అయితే తిప్పు" అన్నారు. అని, చుట్టూ తిరిగి వెళ్ళి, ఎడమ పక్క తలుపు తీసి కూర్చున్నారు. పన్నెండేళ్ళలో ఆ కారులో ఆయన ఆ పక్క కూర్చోవడం అదే మొదటిసారి.

అప్పటి నుండి ఆదివారం సాయంత్రం ముక్తేశ్వరం రేవు దాకా పోయి రావడం ఆ బండికి వైద్యం. పోను రాను నలభై నిమిషాలు. రేవులో ఆగి గౌతమిని చూస్తారు. పక్కలు కనబడని కళ్ళకు ఎదురుగా అంత నది చాలునేమో. పిల్లకు పరీక్షలున్న వారం నేను వెళుతుంటాను. 2024 అక్టోబరు 10 ఆదివారం కాదు, గురువారం. ముందు రాత్రి రతన్ టాటా పోయారన్న వార్త విని, ఆ రోజు కాలేజీ నుండి రాగానే పిల్లను పిలిచి బండి తీయించారు. ఎందుకని ఆమె అడగలేదు.

బయలుదేరే ముందు, రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ వోల్టేజి చూడాలన్నది ఆయన నియమం. నడిచి వచ్చాక చూస్తే మీటరు లేని బలం చూపిస్తుందట. ఆయన తన రక్తంలో చక్కెర రాసుకునే నోటు పుస్తకంలోనే పక్కన ఇంకొక గీత గీయించి, దానికి "బండి" అని శీర్షిక పెట్టించారు. మొన్న వెళ్ళినప్పుడు తిరగవేసి చూశాను. కిందటి ఆదివారం ఎదుట ఒక వైపు 131, ఇంకొక వైపు 12.6 ఉన్నాయి. మీటరు మీది చిన్న అంకెలు ఆయనకు కనబడవు గనుక అవి పిల్ల రాసినవి. కింద సంతకం ఎర్ర సిరాతో ఆయనది.